బౌట్ అయిన వెంటనే చూసిన అంకెలు

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా సింగరాయకొండ దగ్గర ఒక పల్లె. మా అబ్బాయికి పదహారేళ్లు నిండాయి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతూ రెండేళ్లుగా ఒంగోలులో కుస్తీ నేర్చుకుంటున్నాడు. మొన్న ఒక పోటీలో 55 కిలోల విభాగంలో దిగాడు. మామూలుగా 57 కిలోలన్నర ఉంటాడు కాబట్టి రెండు రోజులు అన్నం మానేసి, నీళ్లు కూడా తగ్గించి, స్వెటర్ వేసుకుని పరుగెత్తి బరువు దించుకున్నాడు. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు నా సంచిలో ఉంటే పెట్టి చూశాను. పేరు పిలవకముందు కుర్చీలో కూర్చుని ఉండగానే నాడి 118 ఉంది. ఇంట్లో అయితే 64 దాటదు. బౌట్, అంటే ఒక విడత కుస్తీ, అయిన వెంటనే నాడి 194, ఆక్సిజన్ 91 చూపించింది. పది నిమిషాలకు ఆక్సిజన్ 97కు వచ్చింది. ప్రాక్టీసులో ఎన్నిసార్లు చూసినా నాడి 175 మించలేదు. గుండె బలహీనమని కొందరు, ఊపిరితిత్తుల్లో లోపమని కొందరు అంటున్నారు. వాళ్ల అమ్మ ఇక కుస్తీ వద్దే వద్దంటోంది. ఆమె తమ్ముడు నాలుగేళ్ల కిందట, 38వ ఏట, పొలం గట్టు మీద ఉన్నట్టుండి కూలిపోయి ప్రాణం వదిలాడు. అది మనసులో పెట్టుకుని భయపడుతోంది. మమ్మల్ని ఏం చేయమంటారు?

సమాధానం: మీరు ఏ అంకె ఎప్పుడు చూశారో కూడా రాయడం వల్ల జవాబు చెప్పడం నాకు తేలికైంది. ఆ అంకెల్లో ఏ ఒక్కటీ చూసి మీరు నిద్ర పాడుచేసుకోవలసిన అవసరం లేదు. కానీ ఉత్తరం మధ్యలో మామూలు విషయంలా రాసిన స్వెటర్ పరుగు నాకు మింగుడుపడలేదు. చివర ఒక్క మాటలో చెప్పి వదిలేసిన మేనమామ సంగతి అంతకన్నా ముఖ్యమైనది. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను. అక్కడ చెప్పబోయే పరీక్షలు పూర్తయ్యేదాకా అబ్బాయిని పోటీలకు గానీ, గట్టిగా పట్లు పట్టే ప్రాక్టీసుకు గానీ పంపవద్దని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను.

ముందు ఆ 118 సంగతి చూద్దాం. తీరిగ్గా ఉన్నప్పుడు మన గుండెను వేగస్ అనే నరం కళ్లెం పట్టినట్టు నిదానంగా నడిపిస్తూ ఉంటుంది. పేరు పిలుస్తారని ఎదురుచూస్తూ, అవతలి కుర్రాడి భుజాలకేసి చూస్తూ కూర్చున్నవాడికి ఆ కళ్లెం వదులవుతుంది. దానికితోడు అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది. ఒళ్లు కదలకపోయినా గుండె పనిలోకి దిగిపోతుంది. పోటీకి ముందు కుర్రాళ్లలో నాడి 100 నుంచి 120 దాకా పెరగడం చాలా మామూలు. రాబోయే శ్రమకు కండరాలకు రక్తం అందేలా శరీరం ముందుగా చేసుకునే ఏర్పాటు అది. అయితే మీ అబ్బాయి విషయంలో ఆ పెరుగుదల అంతా ఉద్వేగానిదే అనుకోను. రెండు రోజులు నీళ్లు తగ్గించిన ఒంట్లో రక్తంలోని నీటి భాగం తగ్గుతుంది, గుండె ఒక్కో దెబ్బకు నెట్టగలిగే రక్తం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. మీరు చూసిన 118లో కొంత పోటీది, కొంత దాహానిది.

ఇక 194. గుండె గరిష్ఠ వేగం 220 లోంచి వయసు తీసివేస్తే వస్తుందని అందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది. అది అంత నమ్మదగినది కాదు. వయసును 0.7తో గుణించి 208 లోంచి తీసివేసే లెక్క దానికంటే మెరుగు. దాని ప్రకారం పదహారేళ్లవాడికి 197 వస్తుంది. అదీ సగటే, ఆరోగ్యంగా ఉన్నవారిలోనే పది అటూ ఇటూ ఉంటుంది. పదిహేడేళ్ల లోపు విభాగంలో బౌట్ అంటే రెండేసి నిమిషాల రెండు భాగాలు, నడుమ 30 సెకన్ల విరామం. ఆ 30 సెకన్లలో ముఖం తుడుచుకుని ఒక గుక్క నీళ్లు పుక్కిలించేలోపే మళ్లీ విజిల్ పడుతుంది. నాడి దిగడానికి వ్యవధి ఎక్కడిది? పైగా కుస్తీలో శ్రమ పరుగు లాంటిది కాదు. పరుగులో కండరం బిగుస్తూ సడలుతూ ఉంటుంది కాబట్టి రక్తం వస్తూ పోతూ ఉంటుంది. ఎదుటివాడి నడుమును పట్టి బిగించి ఉంచినప్పుడు కండరం తన లోపలి రక్తనాళాలను తానే నొక్కేస్తుంది, రక్తపోటు పెరుగుతుంది, బలం పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం కూడా తోడవుతుంది. కుస్తీ పట్టే కుర్రాళ్లలో నాడి 180 నుంచి 200 దాకా వెళ్లడం అందుకే సాధారణం.

ప్రాక్టీసులో 175 దాటని నాడి పోటీలో 194 ఎందుకైందన్నది మీ అసలు సందేహమనుకుంటాను. తాలింఖానాలో రోజూ పట్టే తోటి కుర్రాడి పట్లన్నీ మీవాడికి తెలుసు; ఎక్కడ బలం పెట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఒంటికి అలవాటైపోయింది. ఓడినా వస్తాదు చేత నాలుగు చీవాట్లు తినడమే తప్ప పోయేదేమీ లేదు. పోటీలో అవతలివాడు కొత్తవాడు, చుట్టూ కేకలు, పోయిన పాయింటు తిరిగి రాదు. అదే కుర్రాడు అవే నాలుగు నిమిషాలు ఆడినా పోటీలో నాడి, రక్తంలో లాక్టిక్ ఆమ్లం రెండూ ప్రాక్టీసులో కంటే ఎక్కువగా పెరుగుతాయి. ఈ తేడా గుండె బలహీనతకు గుర్తు కాదు. నిజానికి బలహీనమైన గుండెకు అంత వేగం అందుకోవడమే కష్టం.

ఆక్సిజన్ 91 గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో గొడవకు మూలం ఆ అంకే అనిపిస్తోంది. కరోనా రోజుల్లో 94 కంటే తగ్గితే ఆసుపత్రికి వెళ్లాలని ప్రభుత్వమూ వైద్యులమూ ఊరూరా చెప్పాం; ఆ మాట జనం మనసుల్లో రాతి మీద గీతలా నిలిచిపోయింది. ఆ 94 జ్వరంతో ఇంట్లో పడుకున్న మనిషికి పెట్టిన హద్దు. అప్పుడే నాలుగు నిమిషాలు ఒళ్లు హూనం చేసుకుని వచ్చినవాడికి అది వర్తించదు.

ఆ చిన్న పరికరం పనిచేసే తీరు తెలిస్తే సగం భయం పోతుంది. వేలికి ఒక పక్క నుంచి ఎర్రటి వెలుగు, కంటికి కనిపించని పరారుణ వెలుగు పంపి, అవతలి పక్కకు ఎంత చేరిందో కొలిచి, రక్తం ఒక్కో దెబ్బకు పొంగినప్పుడు ఆ కొలతలో వచ్చే తేడాను బట్టి ఆక్సిజన్ శాతాన్ని లెక్కగడుతుంది. జపాన్ ఇంజనీరు తకువో అవోయాగి 1970ల మొదట్లో కనిపెట్టిన పద్ధతి ఇది. వేలు కదలకుండా, వెచ్చగా, రక్తప్రసారం బాగా ఉన్నప్పుడు కూడా రెండు మూడు అంకెలు అటూ ఇటూ చూపించడం దీనికి మామూలే. బౌట్ అయిన వెంటనే కుస్తీ కుర్రాడి వేలికి ఈ మూడింటిలో ఏదీ ఉండదు.

నెల్లూరులో ఒకసారి బడిపిల్లల పోటీలకు వైద్యుడిగా వెళ్లినప్పుడు, మ్యాట్ దిగిన కుర్రాడొకడి చూపుడువేలికి ఆక్సీమీటరు తగిలించాను. నాలుగు నిమిషాలు అవతలివాడి మణికట్టు పట్టుకున్న చెయ్యి కదా, వేళ్లు కొక్కేల్లా వంగి ఉన్నాయి, చాచమన్నా పూర్తిగా చాచలేకపోయాడు. గోళ్లు పాలిపోయి ఉన్నాయి, ముంజేయి వణుకుతోంది, చెమట చుక్క ఒకటి జారి పరికరం లోపలికి దిగింది. ముందు 86 చూపించింది, తర్వాత గీతలు పడ్డాయి, ఆ తర్వాత 92. అతని తువ్వాలుతోనే వేలు తుడిచి, చెయ్యి ఒళ్లో పెట్టించి మళ్లీ చూస్తే 97. ఇదంతా ఒక్క నిమిషంలో జరిగింది. అంత తక్కువ వ్యవధిలో ఊపిరితిత్తులు చెడి బాగుపడవు.

అయితే 91 మొత్తం పరికరం తప్పేనని కూడా చెప్పను. ఊపిరి బిగబట్టి బలం పెట్టినప్పుడు ఆక్సిజన్ కొద్దిగా తగ్గవచ్చు. దానికితోడు, కండరాల్లో ఆమ్లమూ వేడీ పెరిగినప్పుడు హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరింత తేలిగ్గా వదులుతుంది; బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరిగినప్పుడు ఇలా జరుగుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ 1904లోనే గుర్తించాడు. అలసిన కండరానికి అది మేలే; దానివల్ల వేలి దగ్గర శాతం ఒకటి రెండు అంకెలు తగ్గి కనిపించవచ్చు. ఇవన్నీ నిమిషాల్లో సర్దుకునేవి. ఇంకో మాట. బౌట్ తర్వాత కుర్రాళ్లు అలా ఎగపోయడం ఆక్సిజన్ చాలక అనుకుంటారు. ముఖ్య కారణం అది కాదు. రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువునూ ఆమ్లాన్నీ వదిలించుకోవడానికి మెదడు ఊపిరిని తరుముతుంది. ఆక్సీమీటరు 98 చూపిస్తున్నా మనిషి రొప్పుతూనే ఉండవచ్చు.

కాబట్టి బౌట్ అయిన మొదటి నిమిషంలో ఆ పరికరాన్ని సంచిలోంచి తీయకండి. ఆ నిమిషంలో చూడదగినది నాడి ఎంత త్వరగా దిగుతోందన్నది. మెడ పక్కన రెండు వేళ్లు మెల్లగా ఆనించి పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించండి. సరిగ్గా నిమిషం తర్వాత మళ్లీ అలాగే చూడండి. రెండేళ్లుగా సాధన చేస్తున్న పదహారేళ్లవాడికి ఆ నిమిషంలో 30 దాకా దిగాలి. ఐదు నిమిషాలకు 120 దరిదాపులకు రావాలి. ఆక్సిజన్ చూడాలనిపిస్తే ఐదు నిమిషాలు ఆగి, వేలు తుడిచి, చెయ్యి ఒళ్లో పెట్టించి, పరికరం చూపే నాడీ మీరు మెడ దగ్గర లెక్కించిన నాడీ ఒకటేనని నిర్ధారించుకున్నాకే నమ్మండి. అప్పటికీ 94 లోపే నిలిచిపోయినా, అరగంట కూర్చున్నాక కూడా నాడి 120 కిందికి రాకపోయినా వైద్యుడికి చూపించాలి.

ఒకే రోజు మూడు నాలుగు బౌట్లు ఉన్నప్పుడు కుర్రాళ్లు గోడకు చేరగిలబడి కాళ్లు చాపి పడుకోవడం చూస్తుంటాను. రెండో బౌట్‌కు నాడి పూర్తిగా దిగకముందే వెళితే మొదలే ఎత్తులో ఉంటుంది, ఆమ్లం కూడా కొంత మిగిలే ఉంటుంది. పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే ఆ ఆమ్లం పడుకున్నప్పటికంటే త్వరగా కరిగిపోతుంది. మన జిల్లాలో బండలాగుడు పందేలు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు; పందెం నుంచి విప్పిన ఒంగోలు ఎద్దును వెంటనే కట్టేయకుండా, పలుపు పట్టుకుని కాసేపు నడిపించే రైతులను నేను చిన్నప్పుడే చూశాను.

ఇంతకీ ఆక్సీమీటరు మీకు చెప్పని విషయం ఒకటుంది. రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుందే గానీ, అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో అది చెప్పలేదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోయగలదు. హిమోగ్లోబిన్ 14 ఉన్న కుర్రాడి వేలికి మీ పరికరం 91 చూపించినా, అతని 100 మిల్లీలీటర్ల రక్తంలో 17 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. హిమోగ్లోబిన్ 10 ఉన్నవాడికి నిండుగా 98 చూపించినా ఉండేది 13 మాత్రమే. మీ ఉత్తరంలో హిమోగ్లోబిన్ ఊసే లేదు. పదిహేనేళ్లు దాటిన మగపిల్లలకు 13 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. ఈ వయసులో ఎదుగుదల వేగంగా ఉంటుంది, చెమట కూడా ఎక్కువ, పైగా బరువు పేరుతో తిండి మానేస్తున్నాడు. ఆ పరీక్ష తప్పకుండా చేయించండి. తక్కువగా ఉంటే వైద్యుడు చెప్పిన మోతాదులో ఇనుము మాత్రలు వాడాలి. ప్రభుత్వ బడుల్లో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అది రక్తహీనత రాకుండా కాపాడే మోతాదు, వచ్చినదాన్ని తగ్గించడానికి చాలదు. ఇంట్లో మాంసం తింటే వారానికి రెండుసార్లు కాలేయం వండండి. మునగాకు, తోటకూర వండినప్పుడు పైన నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నిమ్మకాయలకు పేరుపడ్డ నెల్లూరు జిల్లా పొదలకూరు మన పక్కనే ఉంది. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటు మాత్రం మాన్పించండి, అది తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఇక స్వెటర్. 57 కిలోలన్నర ఉన్నవాడు రెండు రోజుల్లో రెండున్నర కిలోలు తగ్గాడంటే ఒంటి బరువులో నూటికి నాలుగు పాళ్లకు పైగా పోయినట్టు. రెండు రోజుల్లో అంత కొవ్వు కరగదు. పోయినదంతా దాదాపు నీరూ, దానితోపాటు ఉప్పులూ, కండరంలో నిల్వ ఉన్న శక్తీ. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్ల నీరు తగ్గినా శ్రమ చేసే శక్తి పడిపోతుంది. చెమట పట్టాల్సిన ఒంటిని ఉన్నితో కప్పి, మన ఎండల్లో పరుగెత్తిస్తే వడదెబ్బను చెయ్యి పట్టి పిలిచినట్టే. పొటాషియం లాంటి ఉప్పులు తారుమారైతే గుండె లయ కూడా తప్పవచ్చు. ఇది బెదిరించడానికి చెబుతున్న మాట కాదు. 1997 చివరలో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ క్రీడాకారులు నెల రోజుల వ్యవధిలో ఇలాగే బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ కుస్తీలో రబ్బరు సూట్లనూ ఆవిరి గదులనూ నిషేధించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగాట్ రాత్రంతా పాటుపడినా 100 గ్రాముల తేడాతో ఫైనల్‌కు దూరమైన సంగతి మనందరికీ గుర్తుంది. చుట్టూ నిపుణులున్న పెద్దల పరిస్థితే అది. ఎదిగే పిల్లవాడు పల్లె బాటలో ఒంటరిగా ఈ పని చేస్తుంటే ఎలా ఒప్పుకోవాలి?

అమెరికా బడుల కుస్తీలో వారానికి ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర పాలు మించి తగ్గకూడదన్న నియమం ఉంది. మీ అబ్బాయికి అది వారానికి 850 గ్రాములు. అంటే 55కు రావడానికి మూడు వారాలు పడుతుంది, అదీ ఒంట్లో తీయదగిన కొవ్వు ఉంటేనే. పదహారేళ్ల కుస్తీ కుర్రాడి ఒంట్లో అది ఎంతుంటుందో మీకే తెలుసు. ఎదిగే వయసులో బరువు పెరగడమే సహజం కాబట్టి 60 కిలోల విభాగంలో పేరు ఇవ్వమని వస్తాదును అడగండి. మొదట కొన్ని బౌట్లు ఓడిపోవచ్చు, ఓడనివ్వండి. బరువు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు ఎవరైనా ఇస్తే అసలు తీసుకోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఒంటికి చేటు కావడం ఒక ఎత్తు, అవి క్రీడల్లో నిషిద్ధ మందులు కావడం మరో ఎత్తు. తూకం అయ్యాక బౌట్ మొదలయ్యేలోపు ఉప్పు వేసిన పలుచని మజ్జిగో, ఓఆర్ఎస్ నీళ్లో కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. చెంబెడు ఒక్కసారిగా పడితే కడుపులో నిలవదు.

ఇప్పుడు మేనమామ సంగతి. 38 ఏళ్ల మనిషి పొలంలో కూలిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి: గుండెపోటు కావచ్చు, పాము కాటు కావచ్చు, పురుగుమందు కావచ్చు. కానీ కారణం తేలకుండా యాభై ఏళ్ల లోపు అకస్మాత్తుగా పోయిన మనిషి ఇంట్లో ఉంటే, ఆ ఇంటి క్రీడాకారుడికి గుండె పరీక్షలు చేయకుండా పోటీకి అనుమతి ఇవ్వకూడదు. గుండె కండరం అవసరానికి మించి మందంగా పెరిగే ఒక జబ్బు ఉంది. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. తల్లికో తండ్రికో ఉంటే ఒక్కో బిడ్డకూ వచ్చే అవకాశం సగం. తమ్ముడికి ఉన్నది అక్కకూ ఉండి, ఆమెకు ఏ బాధా తెలియకుండానే కొడుక్కి చేరవచ్చు. అలా జరిగిందని నేను అనడం లేదు, జరగలేదని తేల్చుకోవాలంటున్నాను. ఆక్సీమీటరు దీన్ని పట్టుకోలేదు. ఈ జబ్బు ఉన్నవాడికీ బౌట్ తర్వాత 194, 97 చక్కగానే రావచ్చు. ఆ తల్లి భయాన్ని ఎవరైనా చాదస్తమని కొట్టిపారేసి ఉంటే, దయచేసి ఇకమీదట అలా అననివ్వకండి.

ఒంగోలులోనో నెల్లూరులోనో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లి ముందు ఈసీజీ, తర్వాత గుండె స్కానింగు అయిన ఎకో చేయించండి. అబ్బాయి రోజూ కుస్తీ సాధన చేస్తాడని డాక్టరుకు ముందే చెప్పండి. సాధన వల్ల ఈసీజీలో వచ్చే కొన్ని సహజమైన మార్పులను జబ్బుగా పొరబడే ప్రమాదం తప్పుతుంది. ఆసుపత్రికి వెళ్లేముందు అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆడుతుండగా ఎప్పుడైనా కళ్లు తిరిగి పడ్డాడా, ఛాతీలో నొప్పి వచ్చిందా, కూర్చుని ఉండగా గుండె ఒక్కసారిగా దడదడలాడిందా అని నిదానంగా అడగండి. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో పిల్లలు ఇలాంటివి దాస్తారు. తోటి కుర్రాళ్లను అడిగితే నిజం తెలిసే అవకాశం ఎక్కువ. పరీక్షల్లో ఏమీ లేదని తేలితే డాక్టరు అనుమతితో మళ్లీ గోదాలోకి దింపవచ్చు, కాకపోతే ఎదిగే వయసు కాబట్టి ఏడాదికో రెండేళ్లకో ఈ రెండూ మరోసారి చేయించమంటారు. తేడా కనిపిస్తే ఏ ఆట ఎంతవరకు ఆడవచ్చో గుండె వైద్యుడే చెప్పాలి. అబ్బాయితోపాటు వాళ్ల అమ్మకూ అదే రోజు ఈసీజీ, ఎకో తీయించండి. చనిపోయిన మేనమామకు పిల్లలుంటే వాళ్లనూ రమ్మనండి. ఆయనను ఆనాడు ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే, అప్పుడు ఇచ్చిన కాగితాలు ఇంట్లో ఏ పెట్టెలో ఉన్నా వెతికి వెంట తీసుకెళ్లండి.